వంటింటి నీటితోనే ఫ్లోరైడ్‌కు అడ్డుకట్ట

ఫ్లోరైడ్‌కు రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. ఉప్పునీటిని నాలుక పసిగడుతుంది, బురదనీటిని కన్ను పసిగడుతుంది. ఫ్లోరైడ్ నీరు మాత్రం తేటగా, తియ్యగా కూడా ఉండవచ్చు. ఏళ్ల తరబడి తాగిన తరువాతనే పిల్లల పళ్లమీద మచ్చలుగానో, పెద్దల మెడ, నడుము, మోకాళ్లలో బిగువుగానో అది బయటపడుతుంది. ఎముకలో చేరిన ఫ్లోరైడ్‌ను పూర్తిగా తీసివేసే మందు లేదు. కాబట్టి ఈ వ్యాధి విషయంలో నివారణే చికిత్స.

నివారణకు ఇల్లంతా నదీజలం పారనవసరం లేదు. స్నానానికి, బట్టలు ఉతకడానికి, పశువుల కొట్టం కడగడానికి వాడే బోరునీటి వల్ల మనిషికి ఫ్లోరోసిస్ రాదు. తాగేందుకు, వండేందుకు వాడే నీరే అసలు సమస్య. ఫ్లోరైడ్ పీడిత ఆవాసాలకు పైపుల నీరు చేరేదాకా తాత్కాలిక ఏర్పాటుగా జల్ జీవన్ మిషన్ నిర్దేశించిన పరిమాణం మనిషికి రోజుకు 8 నుంచి 10 లీటర్లు. అంటే అయిదుగురున్న ఇంటికి 40 నుంచి 50 లీటర్లు, సుమారు మూడు బిందెలు. ఆ మూడు బిందెలను మార్చగలిగితే ఆ ఇంటికి వచ్చే ముప్పులో అధిక భాగం తొలగుతుంది.

సరిహద్దు నేలల్లో ఈ సమస్య ఎందుకు?

కర్ణాటకలో పావగడ, బాగేపల్లి, గౌరీబిదనూరు, చింతామణి, శ్రీనివాసపురం, ముళబాగిలు, బళ్లారి ప్రాంతాలు, తమిళనాడులో హోసూరు, కృష్ణగిరి, ధర్మపురి ప్రాంతాలు, ఆంధ్రప్రదేశ్‌లో ఉమ్మడి అనంతపురం జిల్లా, తెలంగాణలో ఉమ్మడి నల్లగొండ జిల్లా. వీటన్నిటికీ ఉమ్మడి లక్షణాలు రెండు. మొదటిది అడుగున ఉన్న గ్రానైటు, నైస్ శిలలు. రెండవది తక్కువ వర్షపాతం, అధిక ఆవిరి. ఈ శిలల్లోని ఫ్లోరైట్, అపటైట్, బయోటైట్ వంటి ఖనిజాల నుంచి ఫ్లోరైడ్ భూగర్భ జలంలోకి కరుగుతుంది. మహారాష్ట్రలో తెలుగువారు స్థిరపడిన చంద్రపూర్, యవత్మాల్ జిల్లాల్లోనూ, ఒడిశాలో నువాపడా, నయాగఢ్ జిల్లాల్లోనూ ఈ సమస్య నమోదైంది. గోదావరి నీటిని వాడుకునే యానాంలో ఇది లేదు. నదీజలాలలో ఫ్లోరైడ్ సాధారణంగా స్వల్పంగా ఉండడమే అందుకు కారణం.

నీటిలో కాల్షియం తక్కువగా, సోడియం బైకార్బొనేట్ ఎక్కువగా ఉన్నచోట ఫ్లోరైడ్ మరింతగా కరుగుతుంది. రాతితో నీటికి ఎంత ఎక్కువ కాలం సంపర్కం ఉంటే అంత ఎక్కువగా చేరుతుంది. అందువల్లనే లోతు బోర్లలో సాధారణంగా ఫ్లోరైడ్ అధికం, వాననీరు ఇంకే పాత దిగుడుబావుల్లో, చెరువు కింది బావుల్లో తక్కువ. చెరువులు పూడి, బావులు ఎండి, బోర్లు వందల అడుగుల లోతుకు దిగిన కొద్దీ సమస్య ముదరడంలో ఆశ్చర్యం లేదు. అయితే ఇది సాధారణ సూత్రమే. పక్కపక్కన ఉన్న రెండు బోర్లలోనే ఒకటి సురక్షితంగా, మరొకటి ప్రమాదకరంగా ఉండవచ్చు. పరీక్ష ఒక్కటే నిర్ణయిస్తుంది.

ఎనభై ఏళ్లు దాటిన చరిత్ర

భారతదేశంలో ఫ్లోరోసిస్‌ను శాస్త్రీయంగా తొలిసారి వర్ణించినది తెలుగునేల మీదనే. గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన హెచ్.ఇ.షార్ట్, ఆయన సహచరులు నాటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా పల్లెలలో ఈ వ్యాధిని గుర్తించి 1937లో ప్రకటించారు. 1973లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు కృష్ణమాచారి, కృష్ణస్వామి నల్లగొండ ప్రాంతంలో మోకాళ్లు లోపలికి వంగిపోయే వైకల్యాన్ని ఫ్లోరోసిస్‌తో ముడిపెట్టి లాన్సెట్ పత్రికలో ప్రచురించారు. నాగపూరులోని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ 1970లలో రూపొందించిన శుద్ధి విధానానికి నల్లగొండ పేరే పెట్టారు.

శాస్త్రవేత్తలు గుర్తించినంత త్వరగా ప్రభుత్వాలు కదలలేదు. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ నియోజకవర్గం నుంచి 480 మంది అభ్యర్థులు పోటీ చేశారు. తాగునీరు, సాగునీరు కావాలన్న తమ గోడును దేశం దృష్టికి తేవడానికి జలసాధన సమితి పిలుపుపై రైతులు ఎంచుకున్న మార్గమది. బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయింది. కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ ఫ్లోరోసిస్ నివారణ, నియంత్రణకు జాతీయ కార్యక్రమాన్ని 2008-09లో ఆరంభించినప్పుడు తొలి విడత జిల్లాల్లో నెల్లూరు ఒకటి. 1937 నుంచి అప్పటికి ఏడు దశాబ్దాలు గడిచాయి.

ఎంత దాటితే ప్రమాదం?

ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన గరిష్ఠ పరిమితి లీటరుకు 1.5 మిల్లీగ్రాములు. భారత ప్రమాణాల సంస్థ 2012లో సవరించిన ప్రమాణం ప్రకారం కోరదగిన పరిమితి 1 మిల్లీగ్రాము. వేరే నీటి వనరు లేనప్పుడు మాత్రమే 1.5 వరకు అనుమతి. వేడి ప్రదేశాల్లో, ఎండలో పనిచేసేవారు నీరు ఎక్కువగా తాగుతారు కనుక 1 మిల్లీగ్రామునే హద్దుగా భావించడం మేలు. 1.5 దాటిన నీటితో పిల్లల పళ్లపై మచ్చలు ఏర్పడే అవకాశం పెరుగుతుంది. 3 నుంచి 6 మధ్య ఉన్న నీటిని దీర్ఘకాలం తాగితే ఎముకలపై ప్రభావం కనిపించవచ్చు. 10 దాటితే అంగవైకల్యం దాకా పోవచ్చు.

నీటి ద్వారా, ఆహారం ద్వారా అందే మొత్తాన్ని కలిపి చూసినప్పుడు, రోజుకు 6 మిల్లీగ్రాములు మించితే ఎముకలకు హాని పెరుగుతుందన్న సూచనలు ఉన్నాయనీ, 14 మిల్లీగ్రాముల వద్ద ఆ హాని స్పష్టమనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ తేల్చింది.

వంట లెక్క

సరిహద్దు తాలూకాల్లో ఇప్పుడు చాలా ఇళ్లలో కనబడే పద్ధతి ఒకటి ఉన్నది. తాగడానికి ‘ఫిల్టరు నీళ్ల’ క్యాను, వంటకు బోరునీటి కుళాయి. క్యాను కొన్నాము కనుక ఫ్లోరైడ్ బెడద తీరిందన్న నమ్మకం ఆ ఇళ్లలో ఉంటుంది. దీనిని ఒక ఉదాహరణతో పరీక్షించవచ్చు.

బోరునీటిలో లీటరుకు 3 మిల్లీగ్రాములు, క్యానునీటిలో 0.5 మిల్లీగ్రాము ఫ్లోరైడ్ ఉన్నదనుకుందాం. ఒక మనిషి రోజుకు రెండున్నర లీటర్ల క్యానునీరు తాగితే లోపలికి పోయేది 1.25 మిల్లీగ్రాములు. అన్నం, పప్పు, చారు, సంగటి, కాఫీ, టీల రూపంలో ఒక లీటరు బోరునీరు కడుపులోకి పోతే దానితో వచ్చేది 3 మిల్లీగ్రాములు. అంటే తాగే నీటికంటే వంటనీటి ద్వారానే రెండు రెట్లకు పైగా చేరింది. మరిగించినప్పుడు ఆవిరయ్యేది నీరే, ఫ్లోరైడ్ కాదు. కనుక ఎంతసేపు కాగితే అంత చిక్కబడుతుంది.

డబ్బు పెట్టి నీరు కొనలేని ఇంటివారు కనీసం అన్నం ఎసరుకు, పప్పుకు, చారుకు, సంగటికి, పిల్లల పాలలో కలపడానికి మంచినీరు వాడి, గిన్నెలు తోమడం, కూరగాయలు కడగడం వంటి వాటికి బోరునీరు వాడుకోవచ్చు. బియ్యం, పప్పులు కడగడానికి బోరునీరు వాడినా, నానబెట్టడానికి మాత్రం మంచినీరే వాడాలి. నానేటప్పుడు గింజ నీటిని పీల్చుకుంటుంది.

శరీరం ఇచ్చే సూచనలు

పంటిపై గార పట్టినప్పుడు వచ్చే పచ్చదనానికీ, ఫ్లోరోసిస్ మచ్చకూ తేడా ఉన్నది. ఫ్లోరోసిస్ మచ్చలు పింగాణీలోనే ఏర్పడతాయి. సుద్దవంటి తెల్లని మరకలుగా మొదలై పసుపు, గోధుమ రంగు అడ్డచారలుగా మారతాయి. సాధారణంగా ఒకే కాలంలో రూపొందిన జంట పళ్లపై ఒకేలా కనిపిస్తాయి. తోమితే పోవు. శాశ్వత దంతాల పింగాణీ చిగురు కిందనే, సుమారు ఎనిమిదేళ్ల వయసులోపు రూపొందుతుంది. ఆ కాలంలో తాగిన నీరే ఆ మచ్చలకు కారణం. పెద్దయిన తరువాత ఫ్లోరైడ్ ఊరికి వచ్చినవారి పళ్లు బాగానే ఉండవచ్చు. అంతమాత్రాన వారి ఎముకలు క్షేమమని అనుకోరాదు.

పెద్దవారిలో అనుమానం కలిగినప్పుడు ఆరోగ్య కార్యకర్తలు చేయించే సులువైన పరీక్షలు మూడున్నాయి. మోకాళ్లు వంచకుండా ముందుకు వంగి నేలమీది నాణెం తీయగలగాలి. గడ్డాన్ని ఛాతీకి ఆనించగలగాలి. రెండు చేతులను తల వెనుకకు తీసుకుపోయి కలపగలగాలి. ఇవి కష్టమైనవారందరికీ ఫ్లోరోసిస్ ఉన్నట్లు కాదు. వయసు, కీళ్లవాతం, వెన్నెముక అరుగుదల కూడా అదే పని చేస్తాయి. నీటిలో, మూత్రంలో ఫ్లోరైడ్ పరీక్ష, ఎక్స్‌రే చూసిన తరువాతనే వైద్యుడు నిర్ధారించగలడు. కాళ్లలో తిమ్మిరి, పట్టు తప్పడం, మూత్రంపై అదుపు తగ్గడం వంటివి వెన్నుపాముపై ఒత్తిడికి సూచనలు. అప్పుడు ఆలస్యం చేయరాదు.

మొదటి మెట్టు: నీటి పరీక్ష

నీటి పరీక్ష లేకుండా ఏ యంత్రమూ కొనరాదు. శుభ్రమైన ప్లాస్టిక్ సీసాను అదే నీటితో రెండు మూడు సార్లు తొలిచి, బోరును కొంతసేపు వదిలిన తరువాత నింపి, మూత బిగించి, ఊరు, వీధి, బోరు గుర్తు, తేదీ రాసి ప్రయోగశాలకు ఇవ్వాలి. ఫ్లోరైడ్‌తో పాటు క్షారత, కాఠిన్యం, నైట్రేట్ కూడా పరీక్షించమని అడగాలి. ఏ శుద్ధి విధానం పనికివస్తుందో చెప్పేది క్షారతే. నివేదికలో ‘లీటరుకు మిల్లీగ్రాములు’ అని ఉన్నా, ‘పీపీఎం’ అని ఉన్నా తాగునీటి విషయంలో అర్థం ఒక్కటే. వేసవిలో ఒకసారి, వానల తరువాత ఒకసారి పరీక్షిస్తే అసలు చిత్రం తెలుస్తుంది.

కర్ణాటకలో గ్రామీణ తాగునీటి, పారిశుద్ధ్య శాఖ, తమిళనాడులో నీటి సరఫరా, మురుగునీటి పారుదల బోర్డు, అంటే జనం నోట ‘టీవాడ్’, ఆంధ్రప్రదేశ్‌లో, ఒడిశాలో గ్రామీణ నీటి సరఫరా విభాగాలు, మహారాష్ట్రలో భూగర్భ జల సర్వేక్షణ సంస్థ ప్రయోగశాలలను నిర్వహిస్తాయి. 2019లో ఆరంభమైన జల్ జీవన్ మిషన్ కింద ఈ ప్రయోగశాలల్లో సామాన్యులూ నీటిని పరీక్షింపజేసుకునే వీలు కల్పించారు. ప్రతి గ్రామంలో అయిదుగురు మహిళలకు క్షేత్ర పరీక్ష పెట్టెలతో శిక్షణ ఇవ్వాలన్న నిబంధన కూడా ఉన్నది. ఆ పెట్టెలోని ద్రావకం గులాబీ రంగు నుంచి పసుపు వైపు మారిన కొద్దీ ఫ్లోరైడ్ ఎక్కువని అర్థం. రంగు పరీక్ష హెచ్చరికకు చాలు. కచ్చితమైన అంకె ప్రయోగశాల ఎలక్ట్రోడ్ ద్వారానే తెలుస్తుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త. యంత్రాలు అమ్మేవారు నీటిలో ముంచి చూపే పెన్నువంటి పరికరం మొత్తం కరిగిన లవణాలను కొలుస్తుందే తప్ప ఫ్లోరైడ్‌ను కొలవదు. దానిపై అంకె తక్కువగా ఉన్నంత మాత్రాన ఫ్లోరైడ్ తక్కువని చెప్పలేము.

రెండవ మెట్టు: మంచి వనరు వెదకడం

ఫ్లోరైడ్‌ను తీసివేయడం కంటే ఫ్లోరైడ్ లేని నీటిని తెచ్చుకోవడమే అన్ని విధాలా మేలు. ఈ దిశలో జరిగిన పెద్ద ప్రయత్నాలు సరిహద్దుకు ఇరువైపులా ఉన్నాయి. అనంతపురం జిల్లాలో 700కు పైగా గ్రామాలకు తాగునీరందించే శ్రీ సత్యసాయి పథకం 1995లో పూర్తయింది. కృష్ణగిరి, ధర్మపురి జిల్లాలకు కావేరి నీటిని తెచ్చే హొగెనకల్ తాగునీటి, ఫ్లోరోసిస్ నివారణ పథకానికి 2008లో శంకుస్థాపన జరిగింది, 2013లో ప్రారంభమైంది. జపాను ఆర్థిక సహకారంతో నిర్మించిన ఈ పథకం పేరులోనే ఫ్లోరోసిస్ ఉండడం గమనార్హం. తెలంగాణలో మిషన్ భగీరథ పైలాన్‌ను 2015లో ఫ్లోరైడ్ పీడిత ప్రాంతమైన చౌటుప్పల్‌లోనే ఆవిష్కరించారు. తుంగభద్ర వెనుక జలాలను పావగడ తదితర తాలూకాల పల్లెలకు తరలించే బహుగ్రామ పథకాన్ని కర్ణాటక చేపట్టింది.

నదీజలం వచ్చిన ఊళ్లలోనూ ఒక లోపం చోటు చేసుకుంటుంది. పైపు పగిలినప్పుడో, నీరు చాలనప్పుడో ఊరి ట్యాంకులోకి బోరునీటిని ఎక్కించి కలిపి వదులుతారు. కుళాయి ఒక్కటే, నీరు మాత్రం రెండు రకాలు. ఆ మిశ్రమంలో ఎంత ఫ్లోరైడ్ ఉన్నదో ఇంటివారికి తెలియదు. నీటిని కలపడం తప్పు కాదు, లెక్క లేకుండా కలపడమే తప్పు. 3 మిల్లీగ్రాములున్న బోరునీరు ఒక వంతు, 0.3 ఉన్న నదీజలం మూడు వంతులు కలిపితే 0.975 వస్తుంది, అది హద్దులోనే ఉన్నది. సగం సగం కలిపితే 1.65 వస్తుంది, అది పనికిరాదు. నీటి గంట మోగించే వాటర్‌మ్యాన్‌కు ఈ లెక్క తెలిసి ఉండాలి, ట్యాంకు వద్ద రాసి ఉండాలి.

వాననీరు ఇంకొక వనరు. దానిలో ఫ్లోరైడ్ దాదాపు శూన్యం. పావగడ, అనంతపురం వంటి ప్రాంతాల్లో ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడుతుందనుకుంటే, 20 చదరపు మీటర్ల మిద్దెపై పడే నీరు 11,000 లీటర్లు. అయిదో వంతు నష్టపోగా 8,800 లీటర్లు మిగులుతుంది. రోజుకు 40 లీటర్ల చొప్పున అది అయిదుగురి కుటుంబానికి 220 రోజుల వంట, తాగునీటి అవసరం. అంతా ఒకేసారి నిలువ చేయలేకపోయినా 5,000 లీటర్ల తొట్టె ఉంటే 125 రోజులు గడుస్తాయి. మొదటి వానను వదిలివేయాలి, మిద్దె శుభ్రంగా ఉండాలి, తొట్టెకు వెలుతురు, దోమ చొరకుండా మూత, వల ఉండాలి. తాగేముందు క్లోరిన్‌తో గాని, కాచి గాని క్రిములను తొలగించాలి.

పాత దిగుడుబావులను పరీక్షించకుండా చెత్తతో పూడ్చివేయడం ఊరికి నష్టం. ఫ్లోరైడ్ తక్కువగా ఉన్న బావి దొరికితే పూడిక తీసి, గట్టు కట్టి, మురుగు చేరకుండా చూసి వంటనీటికి కేటాయించవచ్చు. చెరువుల పూడికతీత, చెక్‌డ్యాములు, ఇంకుడు గుంతల వల్ల ఆ చుట్టుపక్కల బావుల్లో ఫ్లోరైడ్ పలుచబడే అవకాశం ఉన్నది. కాని దానికి ఏళ్లు పడుతుంది, ఫలితాన్ని పరీక్షలతోనే నిర్ధారించాలి.

మూడవ మెట్టు: ఫ్లోరైడ్‌ను తొలగించడం

నల్లగొండ విధానం: నీటికి సున్నం, ఆపై పటిక, క్రిమినాశకంగా బ్లీచింగ్ పౌడరు కలిపి, నెమ్మదిగా పది నిమిషాలు తిప్పి, గంటసేపు కదలకుండా ఉంచితే ఫ్లోరైడ్‌ను పట్టుకున్న తెట్టు అడుగున పేరుకుంటుంది. పైతేట నీటిని, అడుగుకు కొద్దిగా పైన అమర్చిన కుళాయి ద్వారా తీసుకోవాలి. ఊరి స్థాయిలో తొట్లతో గాని, ఇంటి స్థాయిలో 40 లీటర్ల బకెట్‌తో గాని చేయవచ్చు, కరెంటు అక్కర లేదు. పటిక మోతాదు ఫ్లోరైడ్, క్షారత అంకెలను బట్టి మారుతుంది. ఉదాహరణకు ఫ్లోరైడ్ 3, క్షారత 300 ఉన్న నీటికి లీటరుకు సుమారు 350 మిల్లీగ్రాములు, అంటే 40 లీటర్లకు 14 గ్రాముల పటిక కావాలి. సున్నం అందులో ఇరవయ్యో వంతు. ఇది ఉదాహరణ మాత్రమే, ఎవరి నీటికి వారు ప్రయోగశాల చెప్పిన మోతాదే వాడాలి. పటిక తక్కువైతే ఫ్లోరైడ్ మిగులుతుంది, సున్నం తగినంత లేకపోయినా, సరిగా తేరకపోయినా నీటిలో అల్యూమినియం మిగులుతుంది. అడుగు తెట్టును బావి దగ్గర, చెరువులో పారబోయరాదు.

యాక్టివేటెడ్ అల్యూమినా: ఫ్లోరైడ్‌ను తనపై పట్టి ఉంచే గుండ్రని గుళికల వడపోత ఇది. నీటి రుచి పెద్దగా మారదు, నీరు వృథా కాదు. కాని గుళికలు నిండిపోయిన తరువాత ఫ్లోరైడ్ అలాగే దాటిపోతుంది. క్షారత ఎక్కువైన నీటిలో త్వరగా నిండుతాయి. వాటిని కాస్టిక్ సోడా, ఆమ్లంతో గాని, పటిక ద్రావణంతో గాని తిరిగి శుద్ధి చేయాలి. నిర్ణీత గడువులో ఆ పని చేసేవారు లేకపోతే ఈ వడపోత ఉన్నా లేనట్టే.

ఆర్‌.ఓ. యంత్రం: సరిగా పనిచేసే పొర ఫ్లోరైడ్‌లో చాలా భాగాన్ని ఆపుతుంది. నాణెం వేస్తే 20 లీటర్ల నీరిచ్చే కేంద్రాలు కర్ణాటక పల్లెల్లో ఈ విధానంపైనే నడుస్తున్నాయి. దీని చిక్కులు మూడు. ఒకటి, లోపలికి పోయిన నీటిలో గణనీయమైన భాగం వ్యర్థంగా బయటకు వస్తుంది, అందులో ఫ్లోరైడ్ మరింత చిక్కగా ఉంటుంది. దానిని పాత బోరులోకి, చెరువులోకి వదలడం ఊరికే విషం తిరిగి పెట్టడం. రెండు, పొర పాతబడిన కొద్దీ ఫ్లోరైడ్ దాటడం మొదలవుతుంది, రుచిని బట్టి అది తెలియదు. మూడు, నీరు చప్పగా ఉన్నదని రుచి కోసం కొంత బోరునీటిని పక్కదారిన కలిపే మర తిప్పుతారు. ఆ మరతో పాటు ఫ్లోరైడ్ కూడా వెనక్కి వస్తుంది. అందువల్ల బయటకు వచ్చే నీటిని మూడు నెలలకొకసారైనా పరీక్షించి ఫలితాన్ని కేంద్రం గోడపై తేదీతో రాయాలని వాడకందారులు పట్టుబట్టాలి.

పనికిరాని పద్ధతులు

కాచడం క్రిములను చంపుతుంది, ఫ్లోరైడ్‌ను తగ్గించదు. గుడ్డతో వడకట్టడం, క్యాండిల్ ఫిల్టరు, అతినీలలోహిత కిరణాల దీపం కూడా అంతే. రాగిచెంబులో రాత్రంతా ఉంచినా ఫ్లోరైడ్ పోదు. మునగగింజల పొడి బురదనీటిని తేర్చడానికి ఉపకరిస్తుంది గాని, ఇంట్లో ఫ్లోరైడ్ తొలగించే నమ్మదగిన సాధనం కాదు. తులసి ఆకు వేసినా అదే మాట. బావిలో పటికముక్క పడేస్తే చాలునన్నది కూడా భ్రమే. కొలత, తిప్పడం, తేర్చడం మూడూ లేకుండా పటిక పని చేయదు.

ఆహారం, అలవాట్లు

మంచినీటి తరువాతి స్థానం ఆహారానిది. అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థలో ఆచార్యులుగా పనిచేసి ఫ్లోరోసిస్‌పై కృషి చేసిన డాక్టర్ ఎ.కె.సుశీల ప్రచారం చేసిన సూత్రం కూడా ఇదే: సురక్షితమైన నీరు, ఫ్లోరైడ్ తెచ్చే పదార్థాల తగ్గింపు, పోషకాహారం పెంపు.

తగ్గించవలసిన వాటిలో మొదటిది పాలు లేని చిక్కటి డికాక్షన్ టీ. తేయాకు మొక్క నేలలోని ఫ్లోరైడ్‌ను ఆకులో కూడబెట్టుకుంటుంది. ఆపై బోరునీటితో మరిగిస్తే రెండూ కలుస్తాయి. నల్ల ఉప్పు, అది కలిసిన చాట్ మసాలాలు, పొగాకు, వక్కపొడి కూడా ఈ జాబితాలోనివే.

పెంచవలసిన వాటిలో ప్రధానమైనది కాల్షియం. కడుపులో కాల్షియం ఫ్లోరైడ్‌ను పట్టుకొని రక్తంలో చేరకుండా కొంత ఆపుతుంది. సరిహద్దు తెలుగువారి ఇంట రాగిసంగటి రోజువారీ భోజనం. 100 గ్రాముల రాగులలో సుమారు 340 నుంచి 360 మిల్లీగ్రాముల కాల్షియం ఉన్నది. పాలు, పెరుగు, మజ్జిగ, నువ్వులు, మునగాకు, ఆకుకూరలు దానికి తోడు కావాలి. విటమిన్ సి కోసం ఉసిరి, జామ, నిమ్మ ఉన్నాయి. అదే సంగటిని ఫ్లోరైడ్ నీటితో కెలికితే రాగుల మేలులో కొంత నీటిపాలవుతుంది.

చింతపండుపై జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు 2002లో ఒక అధ్యయనం ప్రచురించారు. రోజుకు 10 గ్రాముల చింతపండు తీసుకున్న బాలుర మూత్రంలో ఫ్లోరైడ్ ఎక్కువగా బయటకు పోయినట్లు అందులో తేలింది. చారు, పులుసు మన భోజనంలో ఎలాగూ ఉన్నాయి కనుక ఇది ఉపయోగకరమైన సమాచారమే. అయితే అది చిన్న అధ్యయనం. చింతపండు మంచినీటికి బదులు కాదు. మూత్రపిండాల జబ్బు, కడుపులో పుండు ఉన్నవారు వైద్యుని అడగకుండా ఆహారంలో పెద్ద మార్పులు చేయరాదు.

పసిపిల్లలు, బడి, అంగన్‌వాడీ

తల్లి తాగే నీటిలో ఫ్లోరైడ్ ఉన్నా తల్లిపాలలోకి వచ్చేది అత్యల్పం. కాబట్టి మొదటి ఆరు నెలలు తల్లిపాలే బిడ్డకు రక్ష. డబ్బాపాల పొడిని బోరునీటితో కలిపితే బిడ్డ బరువుతో పోల్చితే ఫ్లోరైడ్ ఎంతో ఎక్కువవుతుంది. టూత్‌పేస్టు విషయంలో మన దేశంలో అనుమతించిన ఫ్లోరైడ్ గరిష్ఠంగా 1000 పీపీఎం. ఆరేళ్లలోపు పిల్లలు పేస్టును మింగుతారు కనుక మూడేళ్లలోపు వారికి బియ్యపుగింజంత, ఆపై వారికి బఠానీగింజంత మించకుండా పెద్దలే పెట్టి, ఉమ్మివేయించాలి. నీటిలో ఫ్లోరైడ్ అధికంగా ఉన్న ఊళ్లలో పిల్లలకు ఏ పేస్టు వాడాలన్నది దంతవైద్యుని సలహాతో నిర్ణయించుకోవాలి.

పళ్లు రూపొందే వయసంతా పిల్లలు గడిపేది అంగన్‌వాడీలో, బడిలో. మధ్యాహ్న భోజనం ఏ నీటితో వండుతున్నారన్నది ఇంటి నీటితో సమానమైన ప్రశ్న. బడులకు, అంగన్‌వాడీలకు కుళాయి నీరు ఇవ్వడానికి 2020 అక్టోబరు 2న కేంద్రం ప్రత్యేక ఉద్యమం ఆరంభించింది. కుళాయి ఉన్నదా అన్న ప్రశ్నతో ఆగక, దాని నీటిలో ఫ్లోరైడ్ ఎంత అన్న ప్రశ్నను తల్లిదండ్రుల సమావేశంలో అడగాలి.

ఊరు చేయవలసిన పని

నేల కింది నీటికి రాష్ట్రాల సరిహద్దు లేదు, పైపులకు ఉన్నది. ఒక పథకం సరిహద్దు రాయి దగ్గర ఆగితే అవతలి ఊరు అదే రాతినీటిని తాగుతూ ఉంటుంది. కాబట్టి సరిహద్దు పంచాయతీలు తమ రాష్ట్ర కార్యాలయంలో తమ లెక్కనే ముందుంచాలి. అందుకు కావలసినవి కొద్ది కాగితాలే: ఊరిలోని ప్రతి తాగునీటి బోరు, బావి పేరు, వేసవిలో, వానల తరువాత దాని ఫ్లోరైడ్ అంకె, దానిపై ఆధారపడిన ఇళ్ల సంఖ్య. 1 లోపు ఉన్న వనరుకు ఆకుపచ్చ, 1 నుంచి 1.5 మధ్య ఉన్నదానికి పసుపు, ఆపై ఉన్నదానికి ఎరుపు రంగు వేస్తే చదువు రానివారికీ అర్థమవుతుంది. ఎరుపు రంగు వేసిన బోరును మూసివేయనక్కర లేదు. స్నానానికి, ఉతకడానికి అని దానిపై రాస్తే చాలు.

శుద్ధి కేంద్రం కట్టడం ఒకనాటి పని, నడపడం ప్రతినాటి పని. మరమ్మతుకు, పొర మార్పిడికి, పరీక్షకు నెలనెలా కొంత సొమ్ము పక్కన పెట్టే ఏర్పాటు, దానికి బాధ్యుడైన మనిషి పేరు మొదటే నిర్ణయించుకోని చోట కొత్త యంత్రం కొద్ది కాలానికే తాళం వేసిన గదిగా మారుతుంది. ఆ గది ముందు నుంచే పిల్లలు మళ్లీ పాత బోరుకు బిందెలు తీసుకుపోతారు.

ఇంటివరకు చేయవలసినది క్లుప్తంగా: ముందు పరీక్ష, ఆపై తాగే నీటితో పాటు వంటనీటి మార్పు, వాడే యంత్రం నుంచి వచ్చే నీటికి క్రమం తప్పని పరీక్ష, పళ్లెంలో రాగి, పెరుగు, ఆకుకూర. ఇప్పటికే వంగిన ఎముకను ఇవి నిటారుగా నిలపలేవు. ఎనిమిదేళ్లలోపు బిడ్డ ఉన్న ఇంట మాత్రం ఈ ఏడాది మార్చిన మూడు బిందెలు ఆ బిడ్డ పళ్లను, రేపటి ఎముకలను కాపాడతాయి.